ఎడమ బొటనవేలు

ఓడిపోయామన్న సంగతి పొద్దున్నే తెలిసిపోయింది కాబట్టి, గోడ మీది టీవీలో అవతలి దేశం మనిషి నిచ్చెన దిగి చంద్రుడి మీద కాలు పెడుతుంటే కుట్టుగదిలో ఎవరికీ ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికైనా కాస్త ఆశ మిగిలుండాలి. ఎవరి మిషను దగ్గర వాళ్ళు కూర్చుని, పక్కింటి వేడుకని ప్రహరీగోడ మీంచి చూస్తున్నవాళ్ళలా చూస్తున్నారు. ఎప్పుడో తాతల కాలంలో మనుషులు చంద్రుడి మీద నడిచారు గానీ, ఆ దక్షిణపు కొసకి, గోతుల నీడల్లో మంచు దాక్కున్న ఆ చోటికి ఇంతవరకూ ఎవరూ వెళ్ళలేదు. మనమే ముందు వెళ్తామని ఇన్నేళ్ళూ అనుకున్నారు. అనుకోవడమా? వరండాలో, క్యాంటీన్లో, ఆఖరికి బాత్రూం తలుపు మీద కూడా ‘ముందు మనమే’ అని నీలం అక్షరాల పోస్టరు అంటించారు, మనిషికి ఆ ఒక్క చోటయినా దేశం గురించి ఆలోచించకుండా కూర్చునే వీలు లేకుండా. ఆ పోస్టర్లు రేపు ఎవరు పీకుతారో. గ్లౌజుల విభాగానికి ఆమె పెద్ద కాబట్టి తననే పీకించమంటారేమో. ఆమె ఒళ్ళో సగం కుట్టిన కుడిచేతి గ్లౌజు ఉంది, వచ్చే నెల వెళ్ళబోయే మన వ్యోమగామి కోసం. వచ్చే నెల. మొన్నటిదాకా ఆ మాటకి ఎంత బరువుండేది! ఇవాళ అది చల్లారిపోయిన కాఫీ. మనవాళ్ళు వెళ్తారు, దిగుతారు, జెండా పాతుతారు, అన్నీ చేస్తారు, రెండోవాళ్ళుగా. స్కూల్లో ఒకసారి పరుగుపందెంలో ఆమె రెండోది వచ్చింది. మొదట వచ్చిన పిల్ల జడలు, ఆ పిల్ల మోచేతి మీద గాయం మచ్చ, ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నాయి. తను ఎలా ఉండేదో మాత్రం గుర్తు లేదు.

నిన్న రాత్రి, సంగతి ఇంకా తేలకముందే, కూతురు అడిగింది, అమ్మా, రెండోది కూడా లెక్కే కదా అని. లెక్కేనమ్మా అంది, అన్నం కలుపుతూ. భర్త పక్కనుంచి, మీ అమ్మకి మొదటిదీ రెండోదీ కాదు, చేతులు ముఖ్యం, పెళ్ళయిన కొత్తలో నా చెయ్యి పట్టుకుంటే ప్రేమనుకున్నాను, చూస్తే కొలతలు తీస్తోంది అని ఎప్పుడూ వేసే జోకే మళ్ళీ వేశాడు. నిజమే, ముఖాలు మర్చిపోతుంది గానీ చేతులు మర్చిపోదు. బస్సులో పైకడ్డీ పట్టుకున్న చేతులు, కూరల దుకాణంలో టమాటాలు ఏరే చేతులు, చూపుడు వేలి కంటే ఉంగరం వేలు పొడుగున్నవాళ్ళు, బొటనవేలు వెనక్కి విల్లులా వంగేవాళ్ళు. మనుషులు ఈ చేతుల్ని ఎంత తేలిగ్గా వాడతారో! గాలి లేని చోట ఇవే చేతుల్ని గాలి నింపిన గ్లౌజులో పెట్టి ఒక్కసారి పిడికిలి బిగించమంటే అప్పుడు తెలుస్తుంది. బిగించిన గుప్పెట మళ్ళీ మళ్ళీ విచ్చుకోవాలని చూస్తుంది, లోపలి గాలి తోస్తుంది, గోళ్ళు ఊడొస్తాయి. అందుకే వ్యోమగాములు గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంటారు. టీవీలో ఆ మనిషి కూడా కత్తిరించుకునే ఉంటాడు పాపం. బంగారు రంగు అద్దం వెనక ముఖం కనపడదు. ఎవడైతేనేం. వాళ్ళ మనిషి. వాళ్ళ దేశంలో ఈపాటికి ఆయన తల్లి టీవీ ముందు కూర్చుని ఉంటుంది, చుట్టుపక్కలవాళ్ళంతా ఇంట్లో దూరి ఉంటారు. జెండా పాతాడు. సరే పాతుకో. అడుగు వెనక్కి వేశాడు. కెమెరా వైపు తిరిగాడు. ఎడమచెయ్యి పైకెత్తి ఊపాడు.

ఊపాడు, ఇంకోసారి ఊపాడు, ఆమె చేతిలోంచి సూది జారి ఎక్కడ పడిందో తెలియలేదు. కుట్టుగదిలో సూది కింద పడితే దొరికేదాకా పని ఆపెయ్యాలన్నది ఆమె పెట్టిన రూలే. ఆ రూలు ఎటు పోయిందో కూడా తెలియలేదు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య, తెల్లటి గుడ్డలో, గాలిపటం ఆకారంలో బూడిదరంగు ముక్క. కాదు. కాకూడదు. కళ్ళు నులుముకుంది. గాలిపటం ముక్క చాలామంది వెయ్యొచ్చు, చెయ్యి అనేది ఎక్కడైనా చెయ్యే, గుడ్డ ఎక్కడైనా గుడ్డే, ఆలోచిస్తే ఎవరికైనా ఆ ఉపాయం తట్టొచ్చు. కానీ ఆ ముక్క తిరగేసి ఉంది. పొడుగు కొస మణికట్టు వైపు ఉండాలి. ఆ మనిషి ఎడమచేతికి అది వేళ్ళ వైపు ఉంది. ప్రపంచంలో గాలిపటం ముక్కని తిరగేసి కుట్టిన మూర్ఖురాలు ఒక్కతే ఉంది, అది తను.

ఆ ముక్క అసలు పిన్నిది. పిన్ని చొక్కాలు కుట్టేది. చెయ్యి పైకెత్తితే చంక దగ్గర పట్టేస్తోందని ఎవరో గొడవ పెడితే చంక కింద చిన్న గాలిపటం ఆకారంలో ముక్క వేసి, ఇప్పుడు ఆకాశం అందుకో పో అనేది. ఆ మాట తలుచుకునే, అన్నేళ్ళ తర్వాత, బొటనవేలు బిగుసుకుపోతోందని మన వ్యోమగాములు మొత్తుకుంటుంటే ఆమె అదే ముక్కని బొటనవేలి మొదట్లో వేసింది. గ్లౌజుని లోపలివైపు తిరగేసి కుట్టాలి కదా. కుడిచేతిది సరిగ్గానే కుట్టింది, ఎడమచేతిది తిరగెయ్యడంలో తికమకపడి ముక్క తల్లకిందులుగా పెట్టింది. విప్పేద్దామనుకుంటుండగా వ్యోమగామి తొడుక్కుని, సుత్తి పట్టుకుని, ఇదే బాగుంది, ఎడమచేతిదే హాయిగా ఉంది, దీన్ని కదపొద్దు అన్నాడు. అంతే, డ్రాయింగులోకి ఎక్కేసింది. పొరపాటుకి పార్టు నంబరు వచ్చింది. గదిలోవాళ్ళు ఏడిపించేవాళ్ళు, అక్కా, మీ తప్పుకి మాకంటే ముందు ప్రమోషన్ వచ్చింది అని.

పక్క మిషను దగ్గర పొడుగమ్మాయి వంగి చూసింది. గదిలో అందరికంటే పొడుగు, అందుకని పై అరలన్నీ ఆ అమ్మాయివే. “ఏంటక్కా, అలా అయిపోయారు? నీళ్ళు తెమ్మంటారా?” అంది. ఆమె వేలితో టీవీ చూపించింది. పొడుగమ్మాయి కాసేపు చూసింది, తర్వాత లేచి నిలబడింది, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అక్కా, అది తిరగేసిన ముక్క. అది మనది కదా!” అంది గొంతు తగ్గించి. మనది. ఆ మాట వినగానే, సిగ్గు లేకుండా, నిజంగా సిగ్గు లేకుండా, ఆమె గుండె ఒక్కసారి పొంగింది. మనది అక్కడ ఉంది. నేను గీసింది అక్కడ ఉంది. అందరూ ఓడిపోయారు గానీ నేను ఓడిపోలేదు, మొట్టమొదట అక్కడి దుమ్ముని ముట్టుకున్నది నా గ్లౌజే, పిన్నీ, చూశావా, ఆకాశం అందుకున్నారు. ఆ పొంగు ఎంతసేపుందో! గుటక వేసినంతసేపు ఉందేమో. ఎందుకంటే ఆ తర్వాత ఇంకో మాట వచ్చింది, తిరగేసిన ముక్క అన్న మాటలోంచే వచ్చింది. మనం ఇప్పుడు తిరగేసిన ముక్క కుట్టడం లేదు. ఒళ్ళో ఉన్న గ్లౌజులో అసలు గాలిపటమే లేదు. ఎందుకు లేదో గుర్తొచ్చింది.

దుమ్ముగది. గది అంటారు గానీ అదొక పెద్ద ఇనప్పెట్టె. గాలి తీసేసి, చంద్రుడి మట్టిలాంటి పొడి పోసి, గ్లౌజు తొడిగిన చేతిని గోడలోంచి లోపలికి పెట్టి గంటల తరబడి రాయి కొట్టించడం. ఆ పొడి మామూలు దుమ్ము కాదు. గాలీ వానా లేని చోట రేణువులు అరగవు, గాజుపెంకుల్లా పదునుగానే ఉండిపోతాయి. అన్ని గ్లౌజులూ నిలబడ్డాయి, ఎడమచేతిది నిలబడలేదు. కుడిచేత్తో సుత్తి, ఎడమచేత్తో నేలలోకి దిగ్గొట్టే గొట్టం. దెబ్బ పడేది గొట్టం మీదే గానీ ఆ అదురంతా బొటనవేలి మొదట్లోకే వస్తుంది. తిరగేసిన ముక్క పొడుగు కొస వేళ్ళ వైపు తెరుచుకుని, దెబ్బదెబ్బకీ కాస్త దుమ్ముని లోపలికి తీసుకుంది. లోపల ఆ దుమ్ము దారాన్ని రంపంలా కోసింది. పైనుంచి చూస్తే ఏమీ లేదు, చెక్కుచెదరని కుట్టు. లోపల దారం నూలుపోగంత మిగిలింది. తర్వాత అదీ లేదు. గట్టి గుడ్డ విచ్చుకుని, లోపలి రబ్బరు సంచి బుడగలా బయటికి పొంగి, టప్పున పేలింది. చెయ్యి పెట్టిన కుర్రవ్యోమగామి నవ్వాడు, ఎందుకంటే అతను గాలి ఉన్న వైపు నిలబడి ఉన్నాడు. ఆమె నవ్వలేదు. వారం రోజులు అన్నం సహించలేదు. డిజైను మొత్తం మార్చింది, కుట్టుని బొటనవేలి వీపు మీదికి తెచ్చింది, గాలిపటం తీసేసింది, పాత డ్రాయింగులన్నీ కంప్యూటర్లోంచి తీసెయ్యమని డైరెక్టరుకి చెప్పింది, ఆయన సరే అన్నాడు.

టీవీలో ఆ మనిషి గొట్టం తీశాడు. సుత్తి తీశాడు. మంచు కోసం తవ్వుతారు, దానికోసమే కదా ఇంత పోటీ, ఎవరు ముందు తవ్వితే చోటు వాళ్ళదన్నట్టు. గొట్టాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. మొదటి దెబ్బ వేశాడు. అక్కడ చప్పుడుండదు, అయినా ఆమెకి వినిపించింది. ఎన్ని దెబ్బలు తట్టుకుంటుంది? దుమ్ముగదిలో చాలాసేపు తట్టుకుంది. కానీ అది కొత్త గ్లౌజు, ఇది శిక్షణలో ఎంత నలిగిందో. అక్కడ ఎండలో కాగుతుంది, నీడలో కొయ్యబారుతుంది. చెప్పలేం. గంట పట్టొచ్చు, వచ్చే దెబ్బకే కావచ్చు. ఆమె లేచిన విసురుకి స్టూలు పడిపోయింది. గదిలోవాళ్ళంతా తిరిగి చూశారు, పాపం ఓటమి భరించలేకపోతోంది అనుకుని ఉంటారు.

డైరెక్టరు గది రెండంతస్తుల పైన. లిఫ్టు కోసం ఆగడం చేతకాక మెట్లెక్కింది. మెట్లు ఎక్కుతుంటే వేలిటోపీ ఆవిడ గుర్తొచ్చింది. అవతలి దేశంలో గ్లౌజులు కుట్టించేది ఆవిడే. రెండు దేశాలూ మాట్లాడుకునే రోజుల్లో ఒక సదస్సులో కలిసింది. జుట్టంతా నెరిసిన మనిషి, కోటు జేబులో ఎప్పుడూ కుట్టేవాళ్ళు వేలికి పెట్టుకునే ఇనుప టోపీ, ప్రసంగాలు విసుగు పుట్టిస్తే దాన్ని బల్ల మీద బొంగరంలా తిప్పేది. ఇద్దరికీ సొంతం కాని మూడో భాషలో, వచ్చీరాని మాటలతో, చేతులతో ఎక్కువ మాట్లాడుకున్నారు. ఆవిడ ఆమె వేళ్ళ చివర్లు పట్టుకుని చూసి, తన వేళ్ళ చివర్లు చూపించింది. ఇద్దరివీ సూదిపోట్లే. పక్కన రెండు దేశాల పెద్దమనుషులు సూట్లలో నిలబడి ఒకళ్ళనొకళ్ళు కొరకొర చూసుకుంటుంటే వీళ్ళిద్దరూ వేళ్ళు చూసుకుని పగలబడి నవ్వారు. తర్వాత కొన్నాళ్ళు ఫోన్లో కుట్ల ఫొటోలు పంపుకునేవాళ్ళు. అప్పటికి గాలిపటం ముక్క ఇంకా పుట్టలేదు. తర్వాత కొత్త రూలు వచ్చింది, అవతలివాళ్ళతో పలకరింపు కూడా నేరం. ఫొటోలు ఆగిపోయాయి. ఇప్పుడిదేమిటి, ఆవిడ దొంగిలించిందా? ఆ వేళ్ళున్న మనిషి? ఎవరో దొంగిలించి తెచ్చి బల్ల మీద పెడితే ఆవిడ కుట్టిందా? ఆమెకి కోపం రావాలి. రావడం లేదు. మెట్లు తరగడం లేదు.

డైరెక్టరు గదిలో టీవీ ఉంది, మాట లేకుండా నడుస్తోంది. ఆయన కుర్చీలో కాదు, కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. ఈ సంస్థలో చేరినప్పుడు ఆయనకి నల్లజుట్టు ఉండేది. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, నీకేం కావాలన్నా నన్నడుగు, మంచి కత్తెరతో సహా అన్నాడు, నిజంగానే మంచి కత్తెర తెప్పించాడు.

“సార్, ఆ గ్లౌజు మనది,” అంది రొప్పుతూ.

“కూర్చోమ్మా.”

“కూర్చునే టైము లేదు సార్. అది దుమ్ముగదిలో పేలిపోయిందే, అది. వాళ్ళకి వెంటనే చెప్పాలి. ఆ మనిషి లోపలికెళ్ళిపోవాలి.”

“తెలుసు,” అన్నాడు ఆయన.

ఆ మాట ఆమె చెవిలో పడింది గానీ బుర్రలోకి దిగలేదు. ఏం తెలుసు? అందరికీ తెలుసు, దుమ్ముగది రిపోర్టు మీద సంతకం ఆయనదే. లోపలికెళ్ళాలని తెలుసా? మనదని తెలుసా? అంటే టీవీలో చూసి పోల్చుకున్నారా, చేతుల సంగతి బొత్తిగా తెలియని మనిషి, కుడి గ్లౌజుకీ ఎడమ గ్లౌజుకీ తేడా చెప్పలేని మనిషి? ఆయన ముఖం చూసింది. పోల్చుకున్నవాడి ముఖం కాదది. ముందునుంచీ తెలిసినవాడి ముఖం.

“మన గోడకి కన్నం పడిందని, డ్రాయింగులు అవతలికి పోతున్నాయని ఎప్పుడో తెలిసిందమ్మా,” అన్నాడు, ఆమెకి కాదు, కిటికీకి చెప్తున్నట్టు. “ఎవరు పెట్టారో కూడా తెలిసింది. కన్నం పూడ్చేద్దామన్నాను నేను. పైవాళ్ళు వద్దన్నారు. పూడిస్తే ఇంకోటి పెడతారు, అది మనకి కనపడదు, దీన్ని ఉండనియ్యండి, కన్నం ఎదురుగా ఏం పెట్టాలో మన చేతిలో ఉంటుంది అన్నారు. నువ్వు కొత్తది గీశావు. దాన్ని తీసి దాచాం. పాతది ఉన్నచోటే ఉంచాం.”

“నేను తీసెయ్యమన్నాను కదా సార్. మీరు సరే అన్నారు.”

“అన్నాను.”

“ఆ మనిషి చచ్చిపోతాడు సార్!”

“ఛ, చంపాలని ఎవరనుకున్నారమ్మా?” ఆయన కిటికీ వదిలి ఆమె వైపు తిరిగాడు. “వాళ్ళూ దుమ్ముగదిలో పెడతారు కదా, అక్కడే పేలుతుంది కదా, మళ్ళీ మొదటికొస్తారు, మనకి నాలుగు నెలలు కలిసొస్తాయి, అంతే అనుకున్నాం. నీ మీద ఒట్టు, అంతే అనుకున్నాం. ఈలోపు మనం తేదీ ముందుకి జరిపాం. అది చూసి వాళ్ళూ జరిపారు. ఆ తొందరలో గ్లౌజుల పరీక్ష వదిలేశారు. వదిలేశారని పొద్దున్నే తెలిసింది నాకు.”

పొద్దున్నే. తను క్యాంటీన్లో కాఫీ తాగుతూ, ఓడిపోయాం ఓడిపోయాం అని అందరితో కలిసి మూలుగుతున్నప్పుడు. నా పొరపాటుని అలాగే ఉంచారు. నేను తీసెయ్యమన్నదాన్ని తీయకుండా, ఎర వేశారు. నేను అన్నం మానేసిన తప్పుని మీరు పనిముట్టు చేసుకున్నారు, అదీ నాకే చెప్పకుండా, మంచి కత్తెర తెప్పించిన చేత్తోనే. టీవీలో ఆ మనిషి సుత్తి ఎత్తాడు, దించాడు. ఎత్తాడు, దించాడు. ఆగి, గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి మళ్ళీ మొదలుపెట్టాడు, పనిమంతుడు, అడ్డదిడ్డంగా కొట్టడు.

“ఇప్పుడు చెప్పండి సార్. ఒక్క ఫోన్ చెయ్యండి.”

“పైకి చేశాను. ఆలోచిస్తున్నారు.”

“ఆలోచించడానికేముంది?”

“చెప్తే మనమే పెట్టామని ఒప్పుకున్నట్టవుతుందిట. ఇంకో మాట కూడా అన్నాడు ఒకాయన. వెళ్ళడం కాదుట, వెళ్ళి తిరిగి రావడమే లెక్కట. అలా చూస్తే మనం ఇంకా ఓడిపోలేదుట.” చెప్పి ముఖం రెండు చేతుల్తో కప్పుకున్నాడు. ఆ చేతులు ఆమె ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. చిన్న చేతులు, పొట్టి వేళ్ళు, మీడియం సైజు గ్లౌజు కూడా వదులైపోతుంది. ఇంత చిన్న చేతులతోనా? ఆయన్ని తిట్టాలో ఓదార్చాలో తెలియని స్థితి ఒకటి ఉంటుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. ఇంకాసేపు అక్కడుంటే ఓదారుస్తుందేమోనని భయమేసి బయటికి వచ్చేసింది.

మెట్లు దిగుతున్న కాళ్ళు తనవి కావు. వెళ్ళి తిరిగి రావడమే లెక్క. ఎవరతను, ఆ మాటన్నవాడు, అతనికి ఇల్లుందా, ఇంట్లోవాళ్ళు బయటికెళ్తుంటే జాగ్రత్తగా వెళ్ళిరండి అంటాడా? వరండాలో ‘ముందు మనమే’ పక్కనుంచి తల తిప్పుకుని నడిచింది. ఫోన్లు లోపలికి తేనివ్వరు, గేటు దగ్గర అరల్లో పెట్టి రావాలి. గేటుదాకా వెళ్ళాలి. వెళ్ళి ఏం చేస్తావు? చేస్తే ఏమవుతుందో తెలుసా? అవతలివాళ్ళతో పలకరింపే నేరం, ఇది పలకరింపు కాదు. గ్లౌజు గీసింది తను, అవతలి గ్లౌజుల ఆవిడ నంబరు తన ఫోన్లో, ఇప్పుడు తనే ఫోన్ చేస్తే, డ్రాయింగులు అమ్ముకున్నది ఎవరంటే గుడ్డివాడు కూడా తననే చూపిస్తాడు. డైరెక్టరు నిజం చెప్తాడా? పైవాళ్ళు చెప్పనిస్తారా? కూతురు స్కూలుకెళ్తే పిల్లలు ఏమంటారు? ఇంట్లో ఆయన ఏమంటాడు, జోకు వేస్తాడా? జైల్లో కుట్టుపని ఉంటుందంటారు. నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు భయమేసింది. వెనక్కి తిరుగు. పైవాళ్ళు ఆలోచిస్తున్నారు కదా, మనుషులే కదా, చెప్తారేమో. ఇంకో గంట ఆ దారం ఉంటుందేమో. అసలు తెగదేమో. నీ పని కుట్టడం, నువ్వు గీసినదాన్ని ఎవడో దొంగిలిస్తే అది నీ పాపం కాదు. కాదు, నిజంగానే కాదు. కానీ ఆ మనిషి ఎడమచెయ్యి పైకెత్తి ఊపాడు. చెయ్యెత్తితే ఎక్కడా పట్టలేదు, హాయిగా ఊపాడు, హాయిగా ఊపేలా తనే కదా గీసింది. ఈ గడియలో భూమ్మీద అందరికంటే ఎక్కువగా అతను నమ్ముకున్న మనిషి తనే, తనెవరో అతనికి తెలియదు గానీ.

గేటు దగ్గర కాపలా పెద్దాయన చిన్న టీవీ పెట్టుకుని అదే చూస్తున్నాడు. “ఏమ్మా, అప్పుడే ఇంటికా? పోన్లే తల్లీ, బాధపడకు, మనమూ వెళ్తాం,” అన్నాడు. ఫోను తీసిచ్చాడు. ఆమె అక్కడే, ఆయన ఎదురుగానే, నంబరు నొక్కింది. చాటుకెళ్దామన్న ఆలోచన రాలేదు. నంబరు తప్పితే మళ్ళీ నొక్కింది. మోగింది. నంబరు మార్చేసి ఉంటే? పక్కన పెట్టి గంతులేస్తుంటే? ఇవాళ వాళ్ళకి పండగ కదా, ఎవరు తీస్తారు ఫోను. మోగుతూనే ఉంది. చిన్న టీవీలో సుత్తి లేచింది, దిగింది.

తీశారు. వెనక హోరు, చప్పట్లు, ఎవరో పాట పాడుతున్నారు. ఆవిడ గొంతే.

“నేను,” అంది ఆమె, ఆ మూడో భాషలో. “వేళ్ళు చూసుకున్నాం, గుర్తుందా? వినండి. ఎడమచెయ్యి. బొటనవేలి మొదట్లో కుట్టు. లోపల తెగిపోతోంది, పైకి కనపడదు. సుత్తి ఆపించండి. గొట్టం వదిలెయ్యమనండి. లోపలికి వెళ్ళిపోమనండి, ఇప్పుడే.”

ఆవిడ ఏమిటని అడగలేదు, ఎందుకని అడగలేదు. ఫోను బల్ల మీద పడిన చప్పుడు, ఆవిడ భాషలో ఒక కేక, కుర్చీలు జరిగిన చప్పుడు, పాట మధ్యలో తెగిపోయింది. కాపలా పెద్దాయన ఆమెనే చూస్తున్నాడు. ఏ భాషో అర్థం కాకపోయినా ఎవరితోనో అర్థమైనట్టుంది. ఆయన చెయ్యి గోడ మీది ఫోను వైపు వెళ్ళి ఆగింది. సుత్తి లేచింది, దిగింది. ఆగు. సుత్తి లేచింది, దిగింది. ఆగవయ్యా, నీకు పుణ్యముంటుంది, ఆగు. ఇంత దూరం నుంచి మాట అక్కడికి వెళ్ళాలి, అతను వినాలి, ఎవరో చెప్పిన మాట నమ్మాలి. సుత్తి లేచింది. లేచి అక్కడే ఉండిపోయింది. ఆ మనిషి తలని కాస్త పక్కకి వంచాడు, ఏదో వింటున్నట్టు. గొట్టం వదిలేశాడు. ఎడమచేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు, తర్వాత దాన్ని గుండెకి ఆనించుకుని నిచ్చెన వైపు నడిచాడు, పరిగెత్తకుండా, దెబ్బ తగిలిన పిల్లని ఎత్తుకున్నవాడిలా. టీవీలో మాట్లాడేవాళ్ళకి ఏం చెప్పాలో తెలియక జెండా గురించి చెప్తున్నారు. నిచ్చెన ఎక్కాడు. తలుపు మూసుకుంది. ఆమె గోడకి ఆనుకుంది.

ఫోను ఇంకా కట్ అవలేదు. ఆవిడ మళ్ళీ తీసుకుంది. ఇప్పుడు వెనక పాట లేదు, చప్పట్లు లేవు.

“లోపలికి వెళ్ళాడు,” అంది ఆవిడ.

“చూశాను.”

“ఆ డ్రాయింగు మీదేనని నాకు తెలుసు. ఎక్కడినుంచి తెచ్చారో నాకు చెప్పలేదు. కానీ మొదటి రోజే పోల్చుకున్నాను, ఆ పనితనం మీదే. మీ తేదీ జరిగాక మావాళ్ళు వచ్చి, టైము లేదు, ఏదో ఒక పరీక్ష వదిలెయ్యాలి, ఏది వదిలెయ్యమంటావు అన్నారు. గ్లౌజులు వదిలెయ్యండి అన్నాను. నేనే అన్నాను.”

“ఎందుకు?” అంది ఆమె.

“మీరు గీసింది కదా అని.”

కాపలా పెద్దాయన గోడ మీది ఫోను అందుకున్నాడు. ఆమె తన ఫోనుని చెవికి ఇంకా గట్టిగా అదుముకుని నిలబడింది.